బువ్వ మాట దాకా

మా ఆయన చనిపోయిన పదమూడో రోజున దొరసాని నన్ను భోజనాల గదిలోకి పిలిచి, "జానమ్మా, నీవు పొంగట్టు చేయగలవా?" అని అడిగింది. చేయగలనన్నాను. నిజానికి నాకు రాదు. ఆ రోజుల్లో ఎవరేం అడిగినా అవుననేదాన్ని. కాదంటే ఎందుకని అడుగుతారు, దానికి మళ్లీ జవాబు చెప్పాలి. అవునంటే వదిలేస్తారు.

సూర్యాపేట మిషన్ బంగళాలో మా ఆయన దానియేలు పదకొండేళ్లు వంటవాడు. నేను అదే వంటింట్లో అంట్లు తోమి, కూరలు తరిగి, కట్టెలు మోసే మనిషిని. బంగళా వెనక వంటవాడికని కట్టిన ఒంటిగదిలో మేమిద్దరం, ఆయన తల్లి మైసమ్మ ఉండేవాళ్లం. పిల్లలు నిలవలేదు. గది చిన్నదే, కానీ పైకప్పు కురిసేది కాదు. అంతకుముందు మా ఇళ్లల్లో ఎవరికీ కురవని కప్పు లేదు.

హన్నా దొరసాని మిషన్ దవాఖానలో డాక్టరు. అమెరికా నుంచి వచ్చి ఇరవై ఏళ్లయింది. తెలుగు బైబిలు చదివి తెలుగు నేర్చుకుంది కాబట్టి ఉప్పు తెమ్మనడానికి కూడా ఆదివారం ప్రసంగంలా మాట్లాడేది. మనిషి మాత్రం మంచిది. ఆమెకు ఒంట్లో బాగుండక సొంత దేశానికి వెళ్లిపోతోంది. ఆమె చోట్లోకి గుంటూరు వైపు నుంచి డాక్టర్ జీవరత్నంగారు, ఆయన భార్య సలోమిగారు వస్తున్నారు. శనివారం కోదాడ మీదుగా బస్సులో దిగుతారు.

"సలోమమ్మ ఉత్తరము వ్రాసినది," అంది దొరసాని. "కోదాడలో వారికి తెలిసిన వంటవాడు ఒకడు ఉన్నాడట. బెజవాడ హోటలులో పనిచేసినవాడట. వంటవాని గది వంటవానికే ఇవ్వవలెను గదా. నీవు వంట చేయగలవని నేను నోటితో చెప్పినయెడల వారు నమ్మరు. ఆదివారము ఉదయము వారి యెదుట నీవు పొంగట్టు పెట్టుము. తిన్న తరువాత నేను మాట్లాడెదను."

అంటే మాకు ఆదివారం పొద్దున దాకా గడువు. గది పోతే మేం వెళ్లాల్సింది గరిడేపల్లికి. అక్కడి దొర గడీలో మైసమ్మ ఇరవై రెండేళ్లు వెట్టి చేసింది. పశువుల కొట్టంలో పేడ ఎత్తీ ఎత్తీ ఆమె నడుం అక్కడే వంగింది. మా ఆయనకు బంగళాలో పని దొరికిన నెలకే బండి కట్టుకుపోయి తల్లిని తెచ్చుకున్నాడు. కమ్యూనిస్టుల సంఘం జోరులో హైదరాబాదు పారిపోయిన దొర ఇప్పుడు మిలిటరీ బండ్ల వెనకాలే ఊళ్లోకి వచ్చి, పాత వెట్టివాళ్లు ఎవరెవరు ఎక్కడున్నారో వాకబు చేస్తున్నాడని కబురు. మైసమ్మ అది విన్న రోజు అన్నం ముట్టలేదు.

పొంగట్టు అన్న పేరు మా ఆయన పెట్టిందే. దొరసాని దాన్ని ఇంగ్లీషులో ఏదో కేకు అనేది. మైదా, గుడ్లు, పాలు కలిపి పల్చటి పిండి చేస్తారు. అంచున్న ఇనుప పెనంలో వెన్న వేసి బట్టీలో పెడతారు. వెన్న చిటపటలాడుతుండగా పిండి పోసి, పైన పండు ముక్కలు పరిచి తలుపు మూస్తారు. ఎండాకాలం మామిడి, వానాకాలం అరటి, చలి మొదలైతే దోరజామ. నూనె చుక్క లేకుండా, తిరగేసే పని లేకుండా అట్టు దానంతటదే కాలి, పెనం అంచులు దాటి పొంగుతుంది. బయటికి తీశాక ఆ పొంగు ఎంతోసేపు నిలవదు. అందుకే మా ఆయన పెనాన్ని గుడ్డతో పట్టుకుని వంటింట్లోంచి భోజనాల గదికి పరుగెత్తేవాడు. దొరసాని చప్పట్లు కొట్టేది. ఆదివారం పొద్దున బంగళాలో అదొక వేడుక.

చెప్పుకుంటే ఇంత సులువైన వంట లేదు. కష్టమంతా బట్టీలో ఉంది. ఇటుకలతో, మట్టితో కట్టి ఇనుప తలుపు బిగించిన బట్టీ అది. తుమ్మకట్టెలు లోపలే కాల్చి, నిప్పులు పక్కకు లాగి, ఆ వేడి మీద వండాలి. దొరసాని తల్లి రాసి పంపిన కాగితంలో వేడి ఎంత ఉండాలో ఒక అంకె వేసి ఉంది. మా బట్టీకి అంకెలు లేవు.

మా ఆయన మాత్రం ఒక్కసారీ తప్పేవాడు కాదు. దానికి కారణం సూర్యాపేట క్రైస్తవులందరికీ తెలుసు. ఆయన బట్టీ ముందు ప్రార్థన చేసేవాడు. నేను బావి దగ్గర అంట్లు తోముతుంటే, బట్టీ తలుపు వైపు వంగిన ఆయన వీపు కనిపించేది. "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలయ్యే పరలోక ప్రార్థన నెమ్మదిగా, ఒక్కో మాట విడదీసి పలికేవాడు. సగానికొచ్చేసరికి గొంతు ఆగిపోయేది. మిగతాది మనసులో అనుకుంటున్నాడనుకునేదాన్ని. ఒకసారి పాదిరిగారు అది చూసి మురిసిపోయి, వంటింటిని దేవాలయం చేసుకున్న మనిషి మన మధ్యే ఉన్నాడని గుళ్లో అందరి ముందూ చెప్పారు. ఆ వేళ మా ఆయన తల వంచుకుని కూర్చున్నాడు. వినయం అనుకున్నాను. గర్వంగా చుట్టూ చూసింది నేనే.

దసరా వెళ్లిన వారానికి ఆయన వేములపల్లి పోయాడు. చెల్లెలు యాదమ్మ ప్రసవించిందని కబురొస్తే, చక్కెర పొట్లం కట్టుకుని చూడబోయాడు. రెండు రోజుల్లో వస్తానన్నాడు. అయిదో రోజున బంగళా కావలి కోటయ్య వచ్చి, మూసీ ఒడ్డున తుంగలో ముగ్గురు మనుషులు దొరికారనీ, మిర్యాలగూడ దవాఖాన వెనక రేకుల కింద పడుకోబెట్టారనీ చెప్పాడు. కోటయ్యా నేనూ బండి మీద పోయాం.

ముఖాలు చూసి గుర్తుపట్టే స్థితి దాటిపోయింది. మూడోవాడి ఎడమ చేతికి వెంట్రుకలున్నాయి. కుడిచేతికి, మణికట్టు నుంచి మోచేతి దాకా, ఒక్కటీ లేదు. ఈయనే అన్నాను. కాగితం రాసుకునే ఆయన, "ఎట్ల గుర్తువట్టినవమ్మా?" అని అడిగాడు. చెయ్యి చూపించాను. ఆయన రాసుకున్నాడు. నేను వేలిముద్ర వేయబోతే కోటయ్య, "నీకు సదువొచ్చు గదనే," అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, నేను మిషన్ బడిలో అయిదో తరగతి దాకా చదివానని. సంతకం పెట్టాను.

తుపాకీతో కాల్చింది ఎవరో తెలియలేదు. మిగిలిపోయిన రజాకార్లన్నారు. దళం వాళ్లు వేగులవాడనుకున్నారన్నారు. మిలిటరీ వాళ్లు దళం మనిషనుకున్నారన్నారు. ఏదో పాత పగ ఉన్నవాడు ఈ గందరగోళంలో పని కానిచ్చుకున్నాడన్నారు. తిట్టుకోవడానికైనా ఒక మనిషి కావాలి. నాకు ఆ మనిషి కూడా దొరకలేదు.

నేను ఏడవలేదు. ఏడవకూడదని కాదు, రాలేదు. పొద్దున లేచి బావి దగ్గరికి పోయేదాన్ని, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగేదాన్ని. నాలుక మీద ఉప్పు కారం తెలిసేవి కావు. గుళ్లో పెదవులు కదిపేదాన్ని, మాట బయటికి వచ్చేది కాదు. చూడ్డానికొచ్చిన ఆడవాళ్లు మైసమ్మను పట్టుకుని ఏడ్చి, నావైపు ఓరగా చూసి పోయేవాళ్లు. మైసమ్మ పది రోజులు గుండెలు బాదుకుంది. మట్టిచేసిన నాడే నాతో మాట్లాడటం మానేసింది.

గురువారం పొద్దున మొదటిసారి పొంగట్టు వేశాను. పిండి కలపడం చూసి చూసి వచ్చు. దోరజామకాయలు పల్చగా కోసి, గింజలు తీసి, చక్కెర చల్లాను. బట్టీ కాల్చి నిప్పులు లాగి, పెనం పెట్టి, పిండి పోసి తలుపు మూశాను. తీసి చూస్తే పొంగలేదు. ముక్కలు పిండిలో మునిగి, అడుగున వెన్న తేలుతోంది. కోడిపెట్టలకు వేశాను. అవి తిన్నాయి.

దొరసాని వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ప్రార్థించితివా?" అంది. లేదన్నాను. "దానియేలు ప్రార్థించెడివాడు," అంది. తప్పుపట్టినట్టు కాదు, దయగానే అంది.

శుక్రవారం ప్రార్థన చేశాను. బట్టీలో కట్టెలు ఎక్కువ వేసి, తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చుని, చేతులు జోడించి, కళ్లు మూసుకుని మొదటి నుంచి చివరి దాకా అన్నాను. ఆమేన్ కూడా గట్టిగా అన్నాను. మాటలు నోట్లోంచి వడ్లగింజల్లా రాలాయి తప్ప నాకేమీ అనిపించలేదు. తీసి చూస్తే పొంగట్టు ఒక పక్కకు పొంగి, పైన నల్లగా మాడి, మధ్యలో పచ్చిగా ఉంది. దేవుడికి మా ఆయన గొంతు తెలుసు, నా గొంతు తెలియదు అనుకున్నాను. కోపంగా అనుకోలేదు. ఊరికే అలా తోచింది. మైదా డబ్బాలో ఇంకొక్క పొంగట్టుకు సరిపడా మిగిలింది. మాడింది పారేయబుద్ధి కాలేదు, మోదుగాకులో చుట్టి పెట్టాను.

శనివారం మధ్యాహ్నం డాక్టరుగారు, సలోమిగారు దిగారు. దుమ్ము కొట్టుకుపోయి ఉన్నారు. సలోమిగారు కాళ్లు కడుక్కుని వంటింట్లోకి వచ్చి అంతా కలియజూసింది.

"వంట నువ్వేనా చేసేది? మీ ఆయన సంగతి దొరసానిగారు చెప్పారు. పాపం," అంది. మాట మెత్తగానే ఉంది. "చూడమ్మా, ఉన్నమాట చెప్తున్నా, ఏమనుకోకు. ఈయనకి అరుగుదల తక్కువ. ఆ కోదాడ అతనికైతే ఈయన తిండి తెలుసు. సోమవారం రమ్మని కబురు పెట్టాలా వద్దా అని రేపు చెప్తా. పొద్దున నువ్వేదో చేస్తావంటగా, చూద్దాం."

ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. నేనైనా అంతే అనేదాన్ని.

సాయంత్రం గదిలోకి పోయేసరికి మైసమ్మ మూట కడుతోంది. రెండు చీరలు, ఒక కంచం, కొడుకు తలగుడ్డ.

"ఏడికి?" అన్నాను.

"గరిడేపల్లికి. వాళ్లు ఎల్లగొట్టెదాంక ఉంటమా? మనంతట మనమే పోదాం."

ఇన్ని రోజుల్లో ఆమె నాతో అన్న మొదటి మాట అది. మోదుగాకు విప్పి, మాడిన పొంగట్టు ముక్క ఆమె ముందు పెట్టాను. పొద్దుటి నుంచి ఆమె ఏమీ తినలేదు. మూట పక్కకు నెట్టి ముక్క నోట్లో వేసుకుంది. ఉన్న నాలుగు పళ్లతో చాలాసేపు నమిలింది.

"పైన మాడింది, నడుమ పచ్చిగున్నది. నిప్పెక్కువైంది," అంది.

"ఎరికే."

"ఎరికైతె ఎందుకు పెట్టినవ్? చెయ్యి పెట్టి సూడలేదా?"

"చెయ్యెందుకు పెడ్తరు?"

"మరి వాడెట్ల సూస్తుండె?"

"ఆయన ప్రార్థన జేస్తుండె గద."

మైసమ్మ నమలడం ఆపి నా ముఖంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నాననుకుందేమో. తర్వాత ఆమె నోటి మూలలు కదిలాయి. కొడుకు పోయాక ఆమె ముఖంలో నవ్వులాంటిది చూడటం అదే మొదలు.

"ఓసి పిచ్చిదానా! అది ప్రార్థననా? వేడి సూసుడది. చెయ్యి లోపల పెట్టి మీ దేవుని మాటలు సదువుతుండె. ఏ మాట కాడ చెయ్యి కాలుతదో సూసుకుంటుండె. నేను గాడ గడప మీద కూసుండి ఎన్ని తాపలు సూసిన!"

నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను.

మైసమ్మ కుడిచెయ్యి ముందుకు చాపి మొదలుపెట్టింది. ఆమె బాప్తిస్మం తీసుకోలేదు, గుడి గడప ఎక్కలేదు. అయినా తండ్రి మాట వచ్చింది, నామం మాట వచ్చింది, రాజ్యం మాట వచ్చింది. పలికిన తీరు ఆమెది. నడక మాత్రం ఆయనది. ఎక్కడ ఊపిరి తీసుకునేవాడో అక్కడే తీసుకుంది. అనుదిన ఆహారం మాట రాగానే చెయ్యి గభాల్న వెనక్కి లాగింది.

"ఇగో, గీ బువ్వ మాట కాడ కాలాలె. రాజ్యం కాడనే కాలితె నిప్పెక్కువున్నట్టు, తలుపు తెరిచి జర సల్లారనియ్యాలె. బువ్వ మాట దాటినంక గూడ కాలకపోతె తక్కువున్నట్టు. బువ్వ మాట కాడ కాలితె అట్టు పొంగుతది. గిదే వాని లెక్క."

"నాకెందుకు జెప్పలే?"

"ఎట్ల జెప్తడు? పాదిరి గుళ్లె అందరి ముంగట పొగిడిండాయె. ఆ దినం ఇంటికొచ్చి నువ్వేమన్నవ్? నా మొగనసొంటి భక్తిపరుడు గీ పేటల లేడంటివి. వాడు సిగ్గుపడ్డడు. అమ్మా, అది గంత ఖుషీల ఉంటె నేనెట్ల జెప్పాలె అని నాతోని అన్నడు. నేను మీ దేవుని దాన్ని గాను గద, నాతోనైతె ఏమన్న జెప్పుకుంటడు."

నాకు ఆ చెయ్యి గుర్తొచ్చింది. పదకొండేళ్లు దాని పక్కన పడుకున్నాను. పుట్టుక నుంచీ అంతే కాబోలనుకున్నాను. ఒక్కనాడూ అడగలేదు. మిర్యాలగూడలో రేకుల కింద అదే చేతిని చూపించి నా మొగుడని చెప్పాను, అది ఎందుకు అలా ఉందో తెలియకుండానే. దగ్గర దగ్గర ఆరు వందల ఆదివారాలు ఆయన ఆ చెయ్యి నిప్పులో పెట్టాడు. నేను పది అడుగుల దూరంలో గిన్నెలు తోముతూ, నా మొగుడు దేవుడితో మాట్లాడుతున్నాడని మురిసిపోయాను.

ఏడుపు రావాల్సిన చోటు అది. అప్పుడూ రాలేదు. నా మీద నాకే భయం వేసింది.

"మొన్న, నిన్న నేను ఖరాబు జేస్తుంటె ఊకె సూసుకుంట కూసున్నవా?" అన్నాను.

"నువ్వు అడిగినవా? నా కొడుకు కోసం ఒక్క సుక్క రాల్చనిదానితోని నాకేం మాటలు?" అని ముఖం తిప్పుకుంది. కాసేపటికి అటు తిరిగే, "మూట ఇప్పు. కంచం మూటల ఉన్నది, బువ్వ దేంట్ల తింటం?" అంది.

ఆదివారం తెల్లవారుతుండగానే బట్టీ ముట్టించాను. మైసమ్మ వచ్చి గడప మీద తన చోట్లో కూర్చుంది. గుడ్లు కొట్టి, పాలు పోసి, ఉన్న మైదా అంతా దులిపి వేసి, ఉండలు లేకుండా గిలకొట్టాను. జామముక్కలు కోశాను. కట్టెలు కాలి నిప్పులయ్యాక పక్కకు లాగాను. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, తలుపు తీసి కుడిచెయ్యి లోపల పెట్టాను.

మొదలుపెట్టి గబగబా అన్నాను. బువ్వ మాట దాటింది, ఆమేన్ దాకా వెళ్లాను. ఏమీ కాలలేదు. ఇంకో రెండు కట్టెలు వేయబోయాను.

"ఆగు," అంది మైసమ్మ. "నీ చెయ్యి సూసుకున్నవా?"

చూసుకున్నాను. మణికట్టు దాకా ఎర్రగా కందిపోయింది. నాకు తెలియలేదు. నాలుక్కు ఉప్పు తెలియనట్టే చేతికి నిప్పు తెలియలేదు. ఒళ్లంతా అలాగే అయిందా అనుకున్నాను. ఇక ఈ పని నావల్ల కాదనీ, కోదాడ మనిషి వస్తాడనీ, సోమవారం బండి కట్టించుకోవాలనీ వరసగా తోచింది. అది కూడా నాకు నొప్పిగా లేదు.

"గంత ఉరుకుతె ఎట్ల? నిమ్మళంగ అనాలె," అంది. "నువ్వు అనకు. నేనంట. నువ్వు ఇను."

చెయ్యి నీళ్లలో ముంచి, తుడుచుకుని, మళ్లీ పెట్టాను. గడప మీద నుంచి మైసమ్మ మొదలుపెట్టింది. వెనక్కి తిరగలేదు కాబట్టి నాకు ఆమె కనిపించలేదు. గొంతే వినిపించింది. తండ్రి మాట దగ్గర ఒక ఊపిరి. నామం మాట దగ్గర కొంచెం ఆగడం, అక్కడ ఆయన ఎప్పుడూ గొంతు సవరించుకునేవాడు, ఆమె కూడా సవరించుకుంది. రాజ్యం మాట రాగానే చెయ్యి చురుక్కుమంది. లాగేశాను.

"ఎక్కువున్నది. తలుపు తెరిచి పెట్టు," అంది.

తెరిచి నిలబడ్డాను. నా చెయ్యి మండుతోంది. నిజంగా మండుతోంది. పెరట్లో కోళ్లు, బావి గిలక చప్పుడు, భోజనాల గదిలో పళ్లేల మోత, అన్నీ దగ్గర్నుంచి వినపడటం మొదలైంది. కొంచెంసేపయ్యాక ఆమె, "ఇగ పెట్టు," అంది. పెట్టాను. ఆమె ఈసారి ఇంకా నెమ్మదిగా అంది. రాజ్యం దాటింది. చిత్తం మాట దాటింది. బువ్వ మాట రాగానే ఇక ఆపలేక చెయ్యి లాగాను, దాంతోపాటు వెంట్రుకలు కాలిన కమురు వాసన వచ్చింది.

అది మా ఆయన వాసన. ఆదివారాలు పక్కన పడుకుంటే ఆయన దగ్గర వచ్చే వాసన అదే. వంటవాళ్ల ఒంటి వాసనే అంతేమో అనుకునేదాన్ని. ఇప్పుడది నా చేతి నుంచి వస్తోంది.

అప్పుడు ఏడ్చాను. గొంతులోంచి వచ్చిన శబ్దం నాదేనని నాకే తెలియలేదు. కూలబడిపోయేదాన్నే, కానీ మైసమ్మ, "పెనం! పెనం పెట్టు, వేడి పోతది!" అని అరిచింది. ఏడుస్తూనే పెనం పెట్టాను. ఏడుస్తూనే వెన్న వేశాను. చిటపటమన్నాక పిండి పోసి, ముక్కలు పరిచి, తలుపు మూసి, దానికి ఆనుకుని కూర్చుని ఏడ్చాను. మైసమ్మ పాకుతూ వచ్చి నా తల తన ఒళ్లోకి లాక్కుంది. ఆమె కూడా ఏడ్చింది, కానీ మధ్యలో ఒకసారి, "తలుపు తియ్యకు, ఇంకా కాలేదు," అంది.

తలుపు తీసేసరికి పొంగట్టు పెనం అంచులు దాటి పైకి లేచి ఉంది. జామముక్కలు అంచుల్లో ఎర్రబడ్డాయి. గుడ్డతో పట్టుకుని పరుగెత్తాను. ముఖం తుడుచుకోవడానికి కూడా వ్యవధి లేదు. బల్ల మీద పెట్టేసరికి ఇంకా పొంగే ఉంది. దొరసాని చప్పట్లు కొట్టబోయి, నా ముఖం చూసి చేతులు దించేసింది.

డాక్టరుగారు రెండో ముక్క అడిగి వేయించుకున్నారు. సలోమిగారు నా ముఖాన్ని, కమిలిన చేతిని మార్చి మార్చి చూసింది. "ఇంత తేలిగ్గా ఉందేంటండీ, నూనె చుక్క లేదు," అంది భర్తతో. తర్వాత నాతో, "ముందు ఆ చేతికి మందు రాయించుకోమ్మా. గది సంగతి నేనింకెవరికీ మాటివ్వలేదులే. ఆ కోదాడ అతనికి అక్కడే పనుంది," అంది. నేను తలూపాను. దండం పెట్టాలని ఆలస్యంగా తోచింది.

పళ్లేలు తీస్తుంటే దొరసాని నా భుజం మీద చెయ్యి వేసింది. "జానమ్మా, వంటింటిలో ప్రార్థన వింటిని. మైసమ్మ స్వరము కూడ వింటిని. నాకు ఎంతో సంతోషము. కాని సగములో నిలిపితిరేమి? క్షమాపణ మాట ఆ తరువాతనే గదా వచ్చును."

ఆమెకు నిజం చెప్పొచ్చు. చెబితే నవ్వేది కూడా. కానీ పదకొండేళ్లు మా ఆయన చెప్పని సంగతి నేనెందుకు చెప్పాలి? "అవును దొరసాని," అన్నాను.

ఆ రోజు గుళ్లో అందరం లేచి నిలబడి పరలోక ప్రార్థన చేశాం. ఇన్ని రోజుల తర్వాత నాకు గొంతు వచ్చింది. తండ్రి మాట అన్నాను, నామం మాట అన్నాను, రాజ్యం మాట అన్నాను. బువ్వ మాట దాకా వచ్చి ఆగిపోయాను. చుట్టూ అందరూ ముందుకు పోతున్నారు. నేను కందిన చేతిని రెండో చేత్తో పట్టుకుని నిలబడ్డాను. పాదిరిగారు చూశారు.

ఇంటికి వచ్చి, పొద్దున బల్ల మీద మిగిలితే దాచిన పొంగట్టు ముక్క తీశాను. చల్లారి అణిగిపోయింది. పదకొండేళ్లు ఆ వంటింట్లో ఉండి నేను దాన్ని నోట పెట్టుకోవడం అదే మొదలు. తియ్యగా ఉంది. జామకాయ కొంచెం పుల్లగా ఉంది. మైసమ్మకు సగం తుంచి ఇచ్చాను.

"గుళ్లె జదివినవా?" అంది.

"సదివిన. బువ్వ మాట దాక."

"దాని తర్వాత ఏముంటది? వాడు నాకు ఎన్నడు ఇనిపియ్యలే."

"మనకు కీడు జేసినోళ్లను మనం మాఫ్ జేసినం, నువ్వు మమ్ముల మాఫ్ జెయ్యి అని ఉంటది."

మైసమ్మ ముక్క చేతిలో పట్టుకుని ఆలోచించింది.

"వాన్ని సంపినోడెవడో ఎరికైందా?"

"కాలే."

"మరి ఎవన్ని మాఫ్ జేస్తవే?" అంది. "ముందుగాల ఎవడో తెల్వనియ్యి. అందాంక బువ్వ మాట కాడనే ఆపు."

అలాగే అత్తా అన్నాను. నా కుడిచెయ్యి మంట ఇంకా తగ్గలేదు. ఎడమ చేత్తో మూట విప్పి, చీరలు దండెం మీద వేసి, ఆయన తలగుడ్డ దులిపి చిలక్కొయ్యకు తగిలించాను.